మాయెబూర్‌లో అమ్మ ఏం తిందంటే

మారిషస్ వస్తున్నాం, ఎక్కడ తినాలో చెప్పండి అని నెలకి ఇద్దరు ముగ్గురైనా ఉత్తరం రాస్తారు నాకు. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి అడగడంలో తప్పేమీ లేదు. ఇన్నాళ్ళూ ఏదో రెండు ముక్కలు రాసి పంపేసేదాన్ని. ఈసారి పద్ధతిగా రాద్దామని కూర్చున్నాను. కారణం మా అమ్మ. పోయిన ఏడాది జూన్‌లో వచ్చి రెండు నెలల పైన ఉండి వెళ్ళింది. పెళ్ళి భోజనం తప్ప బయటి తిండి ముట్టని మనిషి. ఆవిడ చేత తినిపించిన ఊరంటే ఎవరికైనా ధైర్యంగా చెప్పొచ్చు.

ఊరి పేరు మాయెబూర్. ఫ్రెంచి స్పెల్లింగు మధ్యలో హెచ్, చివర జీ ఉంటాయి గానీ రెండూ పలకరు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఈ దీవిని ఏలిన ఫ్రెంచి గవర్నరు మాయే ద లా బూర్దొనే పేరు పెట్టారు. విమానాశ్రయానికి ఇంత దగ్గరగా ఉన్న ఊరిని ఇంతమంది చూడకుండా పోవడం నాకు ఆశ్చర్యం. పావుగంట ప్రయాణం. దిగినవాళ్ళు దిగినట్టు కార్లెక్కి ఉత్తరాన గ్రాన్ బేకో, పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కో పోతారు. అక్కడ హోటళ్ళు బాగానే ఉంటాయి. మూడు పూటలా బఫే పెడతారు. ఆ బఫేలో ఒక మూల 'మారిషస్ వంటలు' అని చిన్న బల్ల ఉంటుంది. ఆ బల్ల మీదివన్నీ ఊళ్ళో రోడ్డు పక్కన, వేడిగా, కొద్ది రూపాయలకే దొరుకుతాయి.

అయితే ఒక షరతుంది. ఇక్కడ ఏ కొట్టుకి వెళ్ళాలన్నది కాదు ప్రశ్న, ఏ వేళకి వెళ్ళాలన్నది. చాలామందికి బోర్డులు కూడా ఉండవు. అందుకని నేను కొట్ల పేర్లు చెప్పను, వేళలు చెప్తాను.

అమ్మ వచ్చేనాటికి నాన్న పోయి ఏడు నెలలు. కాకినాడలో ఒక్కతే ఉంటోంది. ఫోన్లో "తిన్నావా?" అంటే "ఆఁ, అయింది" అనేది. ఏం తిన్నావని అడిగితే మాట మార్చేది. విమానాశ్రయంలో చూశాక అర్థమైంది. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. పెట్టెలో మాత్రం నా కోసం కందిపొడి, చింతపండు, ఇంగువ డబ్బాలు. మొదటి రెండు రోజులూ ఇంత చారన్నం తిని "చాల్లే" అంది. మూడో రోజు సోమవారం. మాయెబూర్‌లో సోమవారం సంత. సెలవు పెట్టి తీసుకెళ్ళాను.

పొద్దున్న తినాల్సింది ధాల్ పురి. మోటార్ సైకిల్ వెనక అద్దాల పెట్టె బిగించుకుని సంత దగ్గరా బస్టాండు దగ్గరా నిలబడతారు. పేరు పూరీయే గానీ నూనెలో వేయించరు, పెనం మీద కాలుస్తారు. ఉడకబెట్టి పొడిపొడిగా చేసిన పప్పులో పసుపు, జీలకర్ర కలిపి, పల్చటి మైదా పిండి మధ్య పెట్టి వత్తుతారు. బిహార్ నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్ళతో వచ్చిన వంట ఇది. మొదట్లో శనగపప్పు వాడేవారట, ఇప్పుడు ఎక్కువగా పసుపుపచ్చ బఠాణీ పప్పు. ఎప్పుడూ జంటగానే అమ్ముతారు. "ఎన్ పేర్" అంటే చాలు, రెండు పరిచి, పెద్ద చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, కొత్తిమీర పచ్చడి వేసి, కాగితంలో చుట్టి ఇస్తాడు. కారం వద్దనుకుంటే ముందే చెప్పాలి. చెప్పకపోతే ఇక్కడి పచ్చిమిర్చి గుంటూరుకేమీ తీసిపోదు.

అమ్మ ముందు వాడి చేతులు చూసింది. తర్వాత గుడ్డ చూసింది. తర్వాత పెట్టె మూల చూసింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఒక అంచు తుంచి నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "బెల్లం మర్చిపోయిన బొబ్బట్టే ఇది" అంది. సగం నాకిచ్చేస్తుందనుకున్నాను, ఇవ్వలేదు.

ధాల్ పురి పొద్దున్నే తినాలి. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలామంది పెట్టెలు ఖాళీ. గాతో పిమా కూడా అంతే. పేరుకి 'మిరప కేకు' అనే గానీ, పచ్చిమిర్చీ ఉల్లికాడలూ వేసిన మన పప్పువడ. మూకుడులోంచి తీసినప్పుడు తినాలి. ఇక్కడివాళ్ళు పొడుగాటి రొట్టె చీల్చి, వెన్న రాసి, మధ్యలో నాలుగు వడలు అదిమి తింటారు. మొదట వింతగా ఉంటుంది. రెండోసారి నుంచి అలవాటైపోతుంది.

సంతలో తినడం ఒక ఎత్తు, కూరగాయలు చూడడం ఒక ఎత్తు. అమ్మ బీరకాయ చూపించి "దీన్నేమంటారో అడుగు" అంది. పిపెంగాయ్ అన్నాడు. అరవ పేరు అలాగే నిలిచిపోయింది. పొట్లకాయ పతోల్. మునగాకు కట్ట బ్రెద్ మురూమ్. బ్రెద్ అంటే ఆకుకూర, మురూమ్ అంటే మునగ. మునగాకుని పల్చగా చారులా కాచి అన్నంలోకి పోసుకోవడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. అమ్మ రెండు కట్టలు కొంది. ఇంటికొచ్చాక మా ఇంటి ఓనరుకి చూపించింది.

ఆవిడ గురించి చెప్పాలి. డెబ్భై దాటిన మనిషి. ఊరంతా 'తాంతిన్' అంటారు, అత్తయ్య అన్నట్టు. మాట్లాడేది క్రెయోల్. తెలుగువాళ్ళే గానీ తెలుగు రాదు. రాదంటే, మాట్లాడడం రాదు. రామభజనంలో పాటలన్నీ వచ్చు, సింహాద్రి అప్పన్న పూజ వచ్చు, అమ్మోరు పండగ వచ్చు. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. ఆ రోజు ఆవిడ కట్టే చీరలో ఉన్న తెలుగుతనం మా అపార్ట్‌మెంటు వాట్సప్ గ్రూపులో కూడా ఉండదు.

మునగాకు చూసి తాంతిన్ నవ్వి, వంటింట్లోకి రమ్మని అమ్మని చెయ్యి పట్టుకు తీసుకెళ్ళింది. ఒకరికొకరి భాష రాదు. గంట తర్వాత నేను వెళ్ళి చూస్తే ఇద్దరూ ఆకు దూస్తున్నారు. అమ్మ ఆవిణ్ణి అప్పటికే "వదినగారూ" అంటోంది. తాంతిన్ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ను, కోరంగీ" అంది. మేం కోరంగీలం అని. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన వాళ్ళు చాలామంది కాబట్టి తెలుగువాళ్ళందరికీ ఇక్కడ ఆ పేరు పడింది. తాంతిన్‌కి తెలిసినంతవరకూ అది తన జనం పేరు. అది ఒక ఊరని ఆవిడకి తెలీదు. అమ్మ మాత్రం "కోరంగా! యానాం దారిలో, మనకి బస్సెక్కితే ఎంతసేపూ!" అని నా ఫోను లాక్కుని, మడ అడవుల ఫొటోలు తీసి చూపించింది. తాంతిన్ కళ్ళజోడు తెప్పించుకుని చాలాసేపు చూసింది. ఆ మధ్యాహ్నం మునగాకు చారు, అన్నం, పప్పు, కొబ్బరి 'సటిని'. సటిని అంటే చట్నీయే. అమ్మ మారు అన్నం పెట్టించుకుంది. నేను చూడనట్టు కూర్చున్నాను.

సరే, మీకు తాంతిన్ వంటిల్లు దొరకదు కాబట్టి మధ్యాహ్నం బయట ఏం తినాలో చెప్తాను. సంత వీధుల్లో చైనా సంతతి మారిషస్ వాళ్ళ చిన్న చిన్న కొట్లుంటాయి. మిన్ ఫ్రి అంటే వేయించిన నూడుల్స్. బులెట్ అంటే ఆవిరి మీద ఉడికించిన ఉండలు, వేడి చారులో వేసి ఇస్తారు. వాటిలో సీమ వంకాయ తురుముతో చేసేవి ఉంటాయి, నాకు అవే ఇష్టం. ఇంకొకటి 'బోల్ రాంవెర్సే', బోర్లించిన గిన్నె. గిన్నె అడుగున గుడ్డు, దాని మీద కూర, పైన అన్నం అదిమి, పళ్ళెంలో బోర్లిస్తారు. గిన్నె ఎత్తగానే గుడ్డు నెత్తిన వస్తుంది. పిల్లలకి మంచి కాలక్షేపం.

శాకాహారులకి ఒక మాట. 'వెజిటేరియన్' అంటే కొన్నిచోట్ల చేప తీసేసి ఎండు రొయ్య ఉంచేస్తారు. 'సాన్ లావ్యాన్' మాంసం లేకుండా, 'సాన్ ప్వాసోఁ' చేప లేకుండా, 'సాన్ దిజెఫ్' గుడ్డు లేకుండా. మూడూ వరసగా చెప్పండి. సాసుల్లో ఏముందో కూడా అడగండి. మొహమాటపడకండి, అన్ని మతాలవాళ్ళూ ఉన్న దీవి, తిండి పట్టింపులు వాళ్ళకి కొత్త కాదు.

మూడు నాలుగు గంటలప్పుడు కావెండిష్ వంతెన దాటి నడవండి. అవతలి వీల్ న్వార్‌లో రో కుటుంబం వాళ్ళ కర్రపెండలం బిస్కెట్ల కార్ఖానా ఉంది, 1870 నుంచీ. లోపలికి వెళ్ళి చూడొచ్చు. కర్రపెండలం తురిమి, పిండి చేసి, అచ్చుల్లో పోసి, ఎండిన చెరకాకు మంట మీద కాల్చిన రేకుల మీద చేస్తారు. కొబ్బరి, దాల్చినచెక్క, సోంపు రకాలుంటాయి. గట్టిగా, కాస్త పిండిపిండిగా ఉండి, టీలో ముంచితే మెత్తబడతాయి. అమ్మకి కర్రపెండలం అంటే పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులే. దాంతో బిస్కెట్లా అని నమ్మలేదు. ఒకటి కొరికి, "నాన్నగారికి నచ్చేవి, ఆయనకి గట్టివే ఇష్టం" అంది. వచ్చాక ఆయన మాట తనంతట తనెత్తడం అదే మొదటిసారి. ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం.

టీ అంటే ఇక్కడ వెనీలా టీ. దక్షిణాన బ్వా షెరి తోటలు 1892 నాటివి. అమ్మ మొదటి గుక్క తాగి "టీలో సెంటు పోశారేమే?" అంది. రెండు నెలల తర్వాత పెట్టెలో నాలుగు డబ్బాలు సర్దుకుంది, అది వేరే సంగతి. ఎండగా ఉంటే టీ వదిలేసి అలూదా తాగండి. చల్లటి పాలు, వెనీలా, సబ్జా గింజలు, అగర్ తురుము. మన ఫలూదాకి అన్నదమ్ముల బిడ్డ.

ఇక చేపలు. మాయెబూర్ ఊళ్ళో ఈత కొట్టే బీచి లేదు. ఒడ్డున నడిచే దారి, ఎదురుగా సింహం కొండ, పడవలు. 1810 ఆగస్టులో ఈ నీళ్ళలోనే ఫ్రెంచి నౌకాదళం బ్రిటిష్ వాళ్ళని ఓడించింది. ఆ గెలుపు పేరు పారిస్ విజయతోరణం మీద చెక్కించుకున్నారు. డిసెంబరుకల్లా దీవి బ్రిటిష్ వాళ్ళ చేతికి పోయింది, అది వేరే మాట. దూరంగా పగడపు దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతుంటాయి. ఆ దిబ్బకీ ఒడ్డుకీ మధ్య లోతులేని నీళ్ళని లగూన్ అంటారు. ఊరి తిండంతా అందులోంచే వచ్చింది.

2020 జులై 25న వకాషియో అనే పెద్ద సరుకుల ఓడ ఇక్కడికి దగ్గర్లో, ప్వాంత్ దెస్నీ ఎదుట, ఆ దిబ్బ ఎక్కేసింది. ఆగస్టు 6న నూనె కారడం మొదలైంది. సుమారు వెయ్యి టన్నులు. జనం ఎవరి కోసమూ ఆగలేదు. ఎండు చెరకాకు తెచ్చి గుడ్డ గొట్టాల్లో కూరి, పొడుగాటి తెప్పల్లా కట్టి, నూనెకి అడ్డంగా నీళ్ళలో వేశారు. ఈ ఒడ్డు మీదే పగలూ రాత్రీ కూర్చుని కుట్టారు. తాంతిన్ పాత దుప్పట్లన్నీ ఇచ్చేసిందట. ఆ తర్వాత చాలా నెలలు లగూన్‌లో చేపలు పట్టనివ్వలేదు. నల్లటి నీళ్ళ కంటే ఆ నెలలే ఎక్కువ గుర్తున్నాయంటాడు నేను చేపలు కొనే ఆయన. "సముద్రం ఎదురుగా కూర్చుని డబ్బాలో చేప తిన్నాం" అన్నాడొకసారి.

అందుకే నేను అడిగేదొకటే. చేప కొనేటప్పుడు, తినేటప్పుడు ఏ కాలమో తెలుసుకోండి. ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా ఇక్కడ ఆక్టోపస్ పట్టడం నిషేధం, పిల్లలు పెరగనివ్వడానికి. దాన్ని ఉరీత్ అంటారు. కూర చేస్తారు, నిమ్మరసం పిండి సలాడ్ చేస్తారు. ఆ రెండు నెలల్లో ఎవరైనా 'ఇప్పుడే పట్టిన తాజా ఉరీత్' అంటే నవ్వి ఊరుకోండి. మిగతా రోజుల్లో పడవలు వచ్చే వేళకి ఒడ్డుకి వెళ్ళి, ఆ పూట ఏం పడిందో చూసి, దగ్గర్లో ఉన్న చిన్న హోటల్లో అదే అడగండి. విందాయ్ ఉంటే వదలొద్దు. వేయించిన చేప ముక్కల్ని ఆవాలు, పసుపు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, వెనిగర్లో ఊరేస్తారు. గోవా విందాలూకి చుట్టం, ఇద్దరి మూలం పోర్చుగీసు. మర్నాటికి ఇంకా బావుంటుంది, మన ఆవ పెట్టిన కూరలా.

ఆదివారం మాత్రం బ్లూ బే వెళ్ళండి. బస్సులో పదిహేను నిమిషాలు. సరుగుడు చెట్ల కింద కుటుంబాలకి కుటుంబాలు డేగిశాలతో బిర్యానీ దించుకుని కూర్చుంటాయి. సాయంత్రానికి ఎవరో ఒకరు సెగా పాట ఎత్తుకుంటారు. మన సెగకీ ఈ సెగాకీ సంబంధం లేదు గానీ, వాయించే రవాన్ని మాత్రం మన డప్పులాగే మంట సెగ చూపించి బిగిస్తారు. మందు తాగేవాళ్ళకి ఇక్కడి ఫీనిక్స్ బీరుంది, 1963 నుంచి కాస్తున్నారు. రమ్ములో పళ్ళూ వెనీలా కాయలూ నెలల తరబడి ఊరేసే 'రమ్ అరాంజే' కూడా ఉంటుంది, ఊరగాయ జాడీలాగే ఇంటింటికో కొలత. రెండు చిన్న గ్లాసులు దాటితే తిరుగు బస్సు తప్పిపోతుంది. అనుభవం మీద చెప్తున్నాను.

అమ్మ వెళ్ళడానికి నాలుగు రోజుల ముందు "చేప కొందాం పద" అంది. మా నాన్న పులుసు మనిషి. ఆయన పోయాక అమ్మ ఇంట్లో చేప వండలేదు. తినొద్దని ఎవరూ అనలేదు, వండబుద్ధి కాలేదంతే. ఒడ్డుకెళ్ళి మొప్పలు ఎత్తి చూసి, నాలుగు తిప్పి, ఒక కాపితెన్ చేప తీసుకుంది. కాకినాడ నుంచి తెచ్చిన చింతపండు బయటికి తీసింది. పులుసు తాంతిన్ కోసం. "వదినగారికి మన పులుసు రుచి చూపించకుండా ఎలా వెళ్తాను?" అంది. పులుసు దించాక సాయంత్రం దాకా మూత తియ్యనివ్వలేదు, ఊరాలని.

తాంతిన్ రెండు ముక్కలు తిని, వేళ్ళు నాక్కుని, "బోఁ, బోఁ" అంది. బావుందని. తర్వాత చింతపండు గుజ్జుని వేలితో చూపించి, తన చిన్నప్పుడు వాళ్ళ అవ్వ ఇలాగే చేసేదని నాతో చెప్పించింది. అమ్మ తన కంచంలో ముక్క వేసుకోలేదు. పులుసు మాత్రం రెండుసార్లు పోసుకుంది.

ఇదీ మాయెబూర్ సంగతి. పొద్దున్న ధాల్ పురి, వడలు. సోమవారం సంత. మధ్యాహ్నం చైనా కొట్లు. సాయంత్రం బిస్కెట్లు, టీ. పడవలొచ్చే వేళకి చేప. ఆదివారం బ్లూ బే. వారంలో ఒక్క రోజే ఉంటే సోమవారం రండి.

మొన్న ఫోన్లో "తిన్నావా?" అన్నాను. "దొండకాయ వేపుడు, చారు. పొద్దున్న ఆ బిస్కెట్టు చివరిది అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపించు" అంది. ఈ డిసెంబరులో కాకినాడ వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. రెండు డబ్బాలే, బరువుండవు.